మా పూజగూట్లో జిడ్డువాళ్ళ పిల్లాడు

గూటి తలుపు తీయగానే జవ్వాది వాసన గుప్పుమంది.

మా మేనత్త పోయి నెల దాటింది. మద్రాసు మందవెళిలో ఇల్లు ఫ్లాట్లు కట్టే ప్రమోటర్‌కి అప్పగించే ముందు సామాను తీసేయాలి. వేళచ్చేరి నుంచి అరగంట దారే, అయినా ఇన్నేళ్ళలో పెళ్ళిపిలుపులకీ చావులకీ తప్ప పోలేదు. ఇత్తడి బిందెలు ఒకరికి, పందిరిమంచం ఒకరికి అని పంచుకోవడం అయిపోయాక పూజగూడు ఒక్కటే మిగిలింది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. దేవుళ్ళ విషయం కదా, ఎవరికి ఏం తగులుకుంటుందోనని భయం.

గోడలో చెక్కతలుపుల గూడు అది. లోపల నూనె జిడ్డు, కర్పూరం మసి, వాటి అడుగున ఆ వాసన. మా అవ్వ చందనంలో చిటికెడు జవ్వాదిపొడి కలిపి పటాలకు బొట్లు పెట్టేది. మైలాపూర్ కోనేటి పక్క అంగడిలో వేలెడంత సీసా కొనేది, అది ఏడాది వచ్చేది. అవ్వ పోయాక అత్త కూడా అదే సీసా, అదే కొలత. వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, కదిరి నరసింహస్వామి, రాఘవేంద్రస్వామి. వాళ్ళ పక్కన, పుస్తకమంత నల్ల ఫ్రేములో, నడుమ పాపిడి తీసి భుజాల దాకా జుట్టు వదిలిన ఒక పిల్లాడు.

తెలియనివాళ్ళు ఆ పటం చూసి ఎవరో బాలయోగి అనుకునేవాళ్ళు. ఆయన జిడ్డు కృష్ణమూర్తి. తనను ఎవరూ గురువు అనొద్దని అరవై ఏళ్ళు ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. మా ఇంట్లో ఆయనకు రోజూ రెండు పూటలా దీపం.

*

మా వాళ్ళది మదనపల్లి. తాత చిన్న వయసులోనే మద్రాసు వచ్చి, ప్యారీస్ కార్నర్‌లో ఒక వకీలు దగ్గర గుమస్తాగా చేరి, అక్కడే ముసలివాడయ్యాడు. ఇంట్లో మాట్లాడేది మదనపల్లి తెలుగు, వీధిలో అరవం, తాత కోపంలో ఇంగ్లీషు.

అవ్వకు కృష్ణమూర్తి తత్వవేత్త అని తెలుసు అనుకోను. ఆమెకు తెలిసింది వేరే. జిడ్డు నారాయణయ్య గారు రెవిన్యూ ఉద్యోగి, భార్య సంజీవమ్మ గారు. 1895 మే నెలలో ఎనిమిదో కాన్పు. ఆ తల్లి పట్టుబట్టి పూజగదిలో కన్నదట. పురుడంటే పది రోజులు ఇంట్లో దీపం పెట్టని రోజుల్లో, దేవుడి గదిలో పురుడు పోసుకోవడమంటే మాటలు కాదు. ఎనిమిదోవాడు కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. పిల్లాడికి పదేళ్ళప్పుడు ఆ తల్లి పోయింది.

ఈ కథలో అవ్వకు కావలసింది అంతే. తర్వాత ఆయన ఏం చెప్పాడన్నది తాత గొడవ.

"పూజగదిలో పుట్టినోణ్ణి పూజగదిలో కాకపోతే ఎక్కడ పెట్టేది?" అనేది.

"పటాలూ పూజలూ వద్దని ఆయనే మొత్తుకుంటా ఉంటే నీకెందుకే?" అనేవాడు తాత.

"పిల్లోడు అన్నం వద్దంటే పెట్టడం మానేస్తామా?"

ఈ వాదన ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట్లో తాత ఆ పటం గూట్లోంచి తీసి పుస్తకాల బీరువాలో పెట్టేవాడట. సాయంత్రం దీపం వేళకు అది మళ్ళీ గూట్లో ఉండేది. ఇద్దరిలో ఎవరూ దాని గురించి నోరెత్తేవాళ్ళు కాదట. కొన్నాళ్ళకు తాత విసిగి వదిలేశాడని అత్త చెప్పేది.

*

గోకులాష్టమి వస్తే మద్రాసులో ప్రతి ఇంటి గడప దగ్గరా చిన్నికృష్ణుడి అడుగులు వేస్తారు కదా. అవ్వ బియ్యప్పిండిలో నీళ్ళు కలిపి, జారుగా చేసి, ఒక సత్తు పళ్ళెంలో పోసుకుని నేల మీద చతికిలబడేది. పిడికిలి బిగించి, చిటికెనవేలి వైపు పిండిలో ముంచి నేలకు అద్దితే పాదం. దాని పైన చూపుడువేలి కొనతో ఐదు చుక్కలు, బొటనవేలిది కాస్త పెద్దది. కుడి పిడికిలితో ఒకటి, ఎడమ పిడికిలితో ఒకటి. అలా వీధిగుమ్మం నుంచి పూజగూటి దాకా కూర్చునే జరుగుతూ పోయేది. తడిగా ఉన్నప్పుడు కనబడవు. నేను పక్క గదిలో ఒక కునుకు తీసి లేచేసరికి ఎర్ర నేల మీద తెల్లగా తేలి ఉండేవి.

మా ఇంట్లో రెండో వరస ఒకటి ఉండేది. అది పెరటి గుమ్మం నుంచి మొదలై, వంటింట్లోంచి వచ్చి, గూటి దగ్గర మొదటి వరసతో కలిసేది. ఒకసారి అడిగాను, ఇదెవరిదని.

"దేవుడు వీధి వాకిట్లోంచి వస్తాడు. ఇంటి పిల్లోడు పెరట్లోంచి వస్తాడు" అంది, తల ఎత్తకుండానే.

వంటింట్లో అడుగులు ఉంటే అమ్మకు నడవడానికి చోటుండేది కాదు. పండగపూట పొయ్యి దగ్గరికి గంతులు వేసుకుంటూ పోయేది. ఆ కోపం పైకి అనలేక సీడై అనే బియ్యప్పిండి ఉండల మీద చూపించేది. ఒక్కోసారి అవి నూనెలో పేలి పైకప్పు దాకా ఎగిరేవి.

*

తాతది ఇంకో రకం.

ఆయన కృష్ణమూర్తి పుస్తకాలకు బ్రౌన్ పేపర్ అట్టలు వేసి, వెన్ను మీద నల్ల సిరాతో పేరు రాసేవాడు. చదివేటప్పుడు స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీతలు. వట్టి చేత్తో గీస్తే వంకర పోతుందని. ఆ పుస్తకం ఒకటి ఎప్పుడో నా చేతిలోంచి నేల మీద పడితే, తీసి కళ్ళకు అద్దుకోబోయి, గబుక్కున ఆగి, దులిపి పెట్టేశాడు. ప్రసంగాల క్యాసెట్లు కొని, టేప్ రికార్డర్ మీది గుడ్డ తొలగించి, రాత్రి భోజనాలయ్యాక పెట్టేవాడు. ఆ గంటసేపు ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఏ అధికారానికీ తలవంచొద్దని టేపులో గొంతు చెబుతూ ఉంటే, మేమంతా తాతకు భయపడి గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళం.

అవ్వ ఇదంతా గమనించేది. ఒకరోజు వత్తులు చేసుకుంటూ నాతో మెల్లగా అంది: "నాది పసుపూ కుంకుమ. మీ తాతది పెన్సిలు. అంతే రా తేడా."

అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అవ్వ కొంచెం తక్కువే చెప్పిందనిపిస్తుంది. ఆమె ఆయన మాట ఎన్నడూ పాటించలేదు, పాటిస్తున్నానని అనుకోనూ లేదు. తాత మాత్రం ఆయన వద్దన్న పనినే ఆయన పేరు మీద చేస్తూ పోయాడు.

కోర్టు గుమస్తా కాబట్టి తాతకు ఆ కేసు నోటికి వచ్చు. 1909 మొదట్లో నారాయణయ్య గారు పిల్లల్ని తీసుకుని అడయారు వచ్చి థియోసాఫికల్ సొసైటీలో, అంటే దివ్యజ్ఞాన సమాజంలో, కొలువుకు చేరడం, ఆ ఏడాదే నది సముద్రంలో కలిసేచోట ఇసుకలో ఈ పిల్లాణ్ణి చూసి సొసైటీ పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ దొర ఇతనే జగద్గురువు అవుతాడని తేల్చడం, సొసైటీ అధ్యక్షురాలు అనీబిసెంట్ ఇతణ్ణీ తమ్ముణ్ణీ తన సంరక్షణలోకి తీసుకుని ఇంగ్లండు పంపడం, తండ్రి మద్రాసు హైకోర్టులో దావా వేయడం. 1913లో హైకోర్టులో తండ్రి గెలిచాడు. మరుసటేడు లండన్‌లో ప్రివీకౌన్సిల్, అంటే అప్పట్లో మనకు అన్నిటికంటే పైకోర్టు, ఆ తీర్పు కొట్టేసింది. తాత ఇదంతా వకీలు వాదించినట్టు చెప్పేవాడు.

"కన్నతండ్రికి బిడ్డనియ్యని కోర్టు, అదేం కోర్టు?" అనేది అవ్వ వంటింట్లోంచి.

1911లో కాశీలో ఒక సభలో, పదహారేళ్ళ ఆ కుర్రాడి కాళ్ళ మీద పెద్దపెద్దవాళ్ళంతా పడ్డారని తాత చెప్పినప్పుడైతే ఆమె చేతిలో పని ఆపేసింది. "పెద్దోళ్ళు పిల్లోడికి మొక్కితే ఆయుక్షీణం గదా. ఎవురూ చెప్పేవాళ్ళు లేకపోయినారా ఆడ?" ఆ ఒక్క విషయంలో అవ్వ మాట నిజం కాలేదు. ఆయన తొంభై ఏళ్ళు బతికాడు. తమ్ముడు నిత్యానందే పాపం ముప్పై నిండకుండానే 1925లో పోయాడు.

1929 ఆగస్టు 3న హాలండులో, తన చుట్టూ కట్టిన సంఘాన్ని తానే రద్దు చేసి, ఇచ్చిన కోటలూ భూములూ తిరిగి ఇచ్చేయడం తాతకు ఇష్టమైన ఘట్టం. సత్యానికి దారులు లేవని ఆయన అన్న మాట దగ్గర తాత గొంతు వణికేది. అవ్వకు ఆ ఘట్టంలో నచ్చింది ఒకటే: "దొరలు ఇచ్చింది దొరలకే ఇచ్చేసినాడు. మర్యాదస్థుడు."

*

డిసెంబరు, జనవరి అంటే ఊళ్ళో సభల్లో కచేరీలు, మా ఇంట్లో వసంత విహార్, అంటే కృష్ణమూర్తి మద్రాసు వచ్చినప్పుడు ప్రసంగాలు ఇచ్చే చోటు. గ్రీన్‌వేస్ రోడ్డు మా ఇంటికి నడిచిపోయేంత దూరం. తాత ఉతికిన పంచె కట్టుకుని, గొడుగు చంకన పెట్టుకుని, నన్ను వెంటేసుకుని పోయేవాడు. అప్పట్లో ఆ రోడ్డుకు రెండు పక్కలా పెద్ద చెట్లు, సాయంత్రం అయితే ట్రాఫిక్ కంటే కాకుల గోలే ఎక్కువ.

చెట్ల కింద జంపఖానాలు, వెనక కుర్చీలు. ముందు ఎత్తు తక్కువ వేదిక. అంతమంది ఉన్నా చప్పుడు ఉండేది కాదు. ఆయన ఒక్కడే నడిచి వచ్చి, మఠం వేసుకుని కూర్చుని, కాసేపు అందర్నీ చూసేవాడు. సన్నటి మనిషి, తెల్లటి జుట్టు. మొదలుపెట్టగానే, ఇది ఉపన్యాసం కాదు, ఇద్దరు స్నేహితులు నడుస్తూ మాట్లాడుకుంటున్నట్టు అనుకోండి అనేవాడు. నాకు పదేళ్ళు, ఇంగ్లీషు సగం అర్థమయ్యేది. అర్థమైన ఒక సంగతి బాగా గుర్తు. నేను చెప్పేది ఒప్పుకోకండి అని ఆయన అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒప్పుకుంటున్నట్టు తలలూపారు. తాత అందరికంటే గట్టిగా ఊపాడు.

అవ్వ ఒకే ఒక్కసారి వచ్చింది. పొద్దున్నే లేచి ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేసి, అరిటాకులో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, కొంగు కింద దాచుకుని తెచ్చింది. తాతకు సంగతి అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆయన ముఖం చూడాలి. గంటసేపు అవ్వ రెప్ప వేయకుండా వేదిక వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయిపోయాక ఎవరో ఆయన కాళ్ళకు మొక్కబోతే ఆయన చటుక్కున వెనక్కి జరగడం నేను చూశాను. అవ్వ కొంచెం ముందుకు పోయి, జనం మధ్య ఆగిపోయి, డబ్బా అలాగే పట్టుకుని తిరిగి వచ్చేసింది.

దారిలో తాత అడిగాడు, ఏం తెలిసిందని.

"బొత్తిగా చిక్కిపోయినాడు. ఎవురు వండి పెడతారో ఏమో" అంది. ఇంకాస్త దూరం నడిచాక, "తెలుగు మరిచిపోయినాడంటనే. నాలుగు మాటలన్నా రావంటనా?" అంది.

అది నిజమే. చిన్నప్పుడే ఇంగ్లండుకు పోయిన మనిషికి తల్లిభాష మిగల్లేదు. పటం ఎందుకు పెట్టావని తాత అడిగితే అవ్వ సవాలక్ష జవాబులు చెప్పేది గానీ, ఈ తెలుగు సంగతి వస్తే మాత్రం మాట్లాడేది కాదు.

ఓళిగలు గూటి ముందు పెట్టి, దీపం వెలిగించి, తలా ఒకటి పంచింది. "ఇది ప్రసాదం కాదు, ఉత్త ఓళిగ" అని తాత మాకందరికీ వినబడేలా చెప్పి, రెండు తిన్నాడు.

*

మైలాపూర్‌లో ముండకకన్ని అమ్మన్ కోవెల వైపు పోతే తమిళ కవి తిరువళ్ళువర్ గుడి ఉంటుంది. సాయంత్రాలు అవ్వ వెంట ఆ వైపు పోయేవాణ్ణి. మూడు వీధులకు ఒక గుడి ఉండే పేటలో అదొక మామూలు గుడి. లోపల వళ్ళువర్, ఆయన భార్య వాసుకి. ఆవరణలో ఉన్నది ఇలుప్పై చెట్టు, అంటే మన ఇప్పచెట్టు. దాని కిందే ఆయన పుట్టాడని అక్కడి నమ్మకం. ఆయన నేతపని చేసేవాడంటారు. 1330 కురళ్ళు, అంటే రెండు పాదాల పద్యాలు, రాసిన మనిషి ఏ మతంవాడో ఇప్పటికీ తేలలేదు. మొదట్లో దేవుణ్ణి స్తుతించేచోట ఆదిభగవన్ అన్నాడే తప్ప ఏ దేవుడి పేరూ పెట్టలేదు కాబట్టి జైనులూ మావాడే అంటారు, శైవులూ మావాడే అంటారు. గుళ్ళో మాత్రం హారతి, విభూతి అన్నీ మామూలే.

తాతకు ఆ గుడి అంటే చిరాకు. పుస్తకం రాసినవాణ్ణి చదవాలి గానీ కొబ్బరికాయ కొట్టడమేమిటి అని. అవ్వ దానికి కాటారుపల్లి తెచ్చేది. ఆమె పుట్టిల్లు కదిరి దగ్గర. వేమన సమాధి, గుడి అక్కడే. "చిత్తశుద్ధి లేని శివపూజ ఎందుకురా అని అడిగినోడికే మా వాళ్ళు గుడి కట్టినారు. ఏం, ఆయనొచ్చి కూలగొట్టినాడా?"

పంగుని నెల ఉత్సవంలో కపాలీశ్వరుడితోపాటు అరవై ముగ్గురు నాయనార్లను, అంటే శివభక్తులను, పల్లకీల్లో ఊరేగిస్తారు. అరుపత్తు మూవర్ అంటారు. ఆ రోజు మాడవీధుల్లో కాలు పెట్టే చోటుండదు. నన్ను చంకనెత్తుకుని అవ్వ ఒక్కొక్కరినీ చూపించేది. కుండలు చేసేవాడు ఒకడు, చేపలు పట్టేవాడు ఒకడు. "అదో, మన కాళహస్తి కన్నప్ప" అని అరిచేది, ఊరివాడు రైల్లోంచి కనబడ్డట్టు. నోట్లో నీళ్ళు పుక్కిలించి శివుడికి అభిషేకం చేసిన బోయవాడు పల్లకీ ఎక్కితే, జిడ్డువాళ్ళ పిల్లాడు గూటిలో ఉంటే తప్పేమిటన్నది ఆమె లెక్క. దానికి తాత దగ్గర జవాబు ఉండేది, అది వినడానికి అవ్వ ఆగేది కాదు.

*

1980లో ఆయన అడయారు సొసైటీ ఆవరణలో మళ్ళీ అడుగుపెట్టాడు, నలభై ఏడేళ్ళ తర్వాత. తాతకు అది చరిత్ర. అవ్వకు, అలిగి పోయినవాడు ఇంటికి రావడం. ఆ రోజు పాయసం చేసింది.

1986 జనవరి 4 నాటి ప్రసంగానికి నేనూ తాతా వెళ్ళాం. అదే ఆఖరిదవుతుందని మాకెవరికీ తెలియదు. గొంతు బలహీనంగా ఉందని తెలుస్తూనే ఉంది. తాత ఇంటికొచ్చి చాలాసేపు టేప్ పెట్టలేదు. ఫిబ్రవరి 17న ఆయన కాలిఫోర్నియాలోని ఓహైలో పోయాడు.

పేపర్లో చూసి తాతే చెప్పాడు. అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి లేచి, ఏమీ అనకుండా పెరట్లోకి పోయి, బావి దగ్గర తలమీదుగా నాలుగు చేదల నీళ్ళు పోసుకుంది. తడి చీరతో వచ్చి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఆ పూట పొయ్యి వెలిగించొద్దని అమ్మతో చెప్పింది. జ్ఞాతులు ఎవరైనా పోయారని కబురు వస్తే మా ఇంట్లో చేసేది అదే. దేవుడికి మైల ఉండదు కదా అని నేను అడగబోయాను. తాత నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆయన ఏదో వాదిస్తాడనుకున్నాను. పోయి తాను కూడా రెండు చేదలు పోసుకున్నాడు.

ఆ తర్వాత పటానికి దండ వేయాలని అత్త మల్లెపూలు తెస్తే, అవ్వ వద్దంది. "పిల్లోడి పటానికి దండేమిటే?" అని బొట్టు మాత్రం మళ్ళీ మామూలుగానే పెట్టింది.

తన మాటకు అర్థం చెప్పే అధికారం ఎవరికీ లేదని ఆయన చెప్పి పోయాడని తాత అంటూ ఉండేవాడు. అవ్వ పోయాక ఆయన ఇంకో నాలుగేళ్ళు ఉన్నాడు. ఆ నాలుగేళ్ళలో పటం గూటిలోంచి కదల్లేదు. గోకులాష్టమికి పెరటి అడుగులు అత్త వేసేది, తాత వాటిని తొక్కకుండా కర్ర చూసి పెట్టుకుంటూ నడిచేవాడు.

*

పటం బయటికి తెచ్చి వెలుతుర్లో చూశాను. గాజు మీద చందనం పొరలు పొరలుగా గట్టిపడి పావలా బిళ్ళంత మందం అయ్యింది. గోటితో గీకితే రాలేదు. వేడినీళ్ళ గుడ్డ కాసేపు పెట్టి ఉంచి, చాకు వెనక వైపుతో తీస్తే పెచ్చుగా ఊడింది. లోపలిది ఏదో వారపత్రికలోంచి కత్తిరించిన బొమ్మ. ఎడమ అంచున ఇంకో వార్త తాలూకు అక్షరాలు మూడు మిగిలి ఉన్నాయి. అవ్వ కత్తెర వంకర పోయింది.

గాజు శుభ్రంగా తుడిచాను. బొట్టు పోలేదు.

ఏమిటా అని గాజు కూడా తీసి చూశాను. ఇన్నేళ్ళ వెలుతురుకి కాగితం అంతా టీ రంగుకు తిరిగింది. బొట్టు కింద వెలుతురు తగలని చోట మాత్రం తెల్లగా, గుండ్రంగా, సరిగ్గా నుదుటి మధ్యన ఉండిపోయింది.

పేపర్లో చుట్టి ఇంటికి తెచ్చాను. మా ఫ్లాట్‌లో పూజగది లేదు, వంటింట్లో ఒక అలమర ఉందంతే. "దేవుళ్ళ దగ్గర పెట్టనా, హాల్లో మీ పుస్తకాల దగ్గర పెట్టనా?" అని మా ఆవిడ అడిగింది. ప్రస్తుతానికి డైనింగ్ టేబుల్ మీద, ఆవకాయ జాడీకి ఆనించి ఉంది.